సినిమాకు ఇల్లు కట్టిన బ్యాంకు పెద్ద – తలాత్ హర్బ్ పాషా

మన సంఘం ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం గురించి వ్రాయమని కార్యవర్గం వారు కోరారు. మన దేశనాయకులను గురించి, తెలుగు ప్రముఖులను గురించి పలువురు మిత్రులు చక్కగా వ్రాస్తూనే ఉన్నారు. అందుచేత నేను పాఠకులను కాస్త దూరంగా, నైలు నది ఒడ్డుకు తీసుకువెళ్లదలచాను.

అరబ్బు దేశాల సినిమా అనగానే తెలిసినవారికి ఉమ్ కుల్సుమ్ గానం, ఒమర్ షరీఫ్ రూపం గుర్తుకు వస్తాయి. కాని ఆ సినిమాకు నిలువనీడ కల్పించినవాడు గాయకుడు కాదు, నటుడు కాదు, దర్శకుడూ కాదు. జమాఖర్చుల పుస్తకాల మధ్య జీవితం గడిపిన ఒక బ్యాంకు పెద్ద. ఆయన పేరు తలాత్ హర్బ్. ఆఫీసు ఉద్యోగిగా బ్రతుకు ప్రారంభించి, నలుగురి సొమ్ము పోగుచేసి దేశానికి పరిశ్రమలు నిర్మించి, చివరకు ఆ నలుగురి సొమ్ము నిలబెట్టడం కోసం తన కుర్చీని వదులుకున్న మనిషి. ఈజిప్టులో ఆయన పేరు తెలియనివారు ఉండరు. పింఛనుదారులమైన మనం కూడా తెలుసుకోదగిన జీవితమని నా అభిప్రాయం.

బాల్యము – ఉద్యోగము

తలాత్ హర్బ్ 1867 నవంబరు 25వ తేదీన కైరో నగరంలోని గమాలియా అనే పాతపేటలో జన్మించారు. తండ్రి రైల్వే శాఖలో ఉద్యోగి. మధ్యతరగతి కుటుంబం. నెల జీతం మీద ఇల్లు ఎలా నడుస్తుందో చిన్నప్పటి నుంచి చూసి పెరిగిన పిల్లవాడు. ఆయనకు పదిహేనేళ్లు రాకముందే, 1882లో, బ్రిటిషు సైన్యం ఈజిప్టును ఆక్రమించింది. పేరుకు పాలకుడు స్థానికుడే అయినా పెత్తనమంతా ఇంగ్లీషువారిది.

ఆయన న్యాయశాస్త్రం చదివి 1889లో పట్టా పుచ్చుకున్నారు. ఫ్రెంచి భాష బాగా వచ్చు. అప్పట్లో పాలకుల భూముల వ్యవహారాలు చూసే ‘దాయిరా సనియా’ అనే పెద్ద కార్యాలయం ఉండేది. అందులో ఆయన అనువాదకుడిగా చేరారు. కాగితాలు ఒక భాష నుంచి మరొక భాషలోకి మార్చే పని. అక్కడే అంచెలంచెలుగా పైకి వచ్చి వివాదాల విభాగానికి అధికారి అయ్యారు. ఆ భూములన్నీ అమ్ముడుపోయి కార్యాలయం మూతబడే దశకు వచ్చేసరికి, 1905లో, కొమ్ ఒంబో అనే భూముల కంపెనీలో మేనేజరుగా వెళ్లారు.

ఈ ఉద్యోగాలలో ఆయన కళ్లారా చూసింది ఒక్కటే. ఈజిప్టు రైతు ప్రత్తి పండిస్తాడు. ఆ ప్రత్తి కొనేది విదేశీ వర్తకుడు. కొనడానికి అప్పు ఇచ్చేది విదేశీ బ్యాంకు. ఓడ విదేశీయులది, బీమా విదేశీయులది. ఆ ప్రత్తే ఇంగ్లాండు మిల్లుల్లో బట్ట అయి తిరిగి వచ్చి అదే రైతుకు అమ్ముడవుతుంది. మన దేశంలో గాంధీజీ ఖద్దరు ఉద్యమం ఎందుకు నడిపారో తెలిసిన మనకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. 1898లో స్థాపించిన ‘నేషనల్ బ్యాంక్ ఆఫ్ ఈజిప్ట్’కు పేరులో తప్ప పెట్టుబడిలో గాని పెత్తనంలో గాని ఈజిప్టు లేదు.

1910లో సూయజ్ కాలువ కంపెనీ గడువును మరో 40 ఏళ్లు, అంటే 1968 నుంచి 2008 దాకా, పొడిగించాలనే ప్రతిపాదన వచ్చింది. హర్బ్ లెక్కలతో సహా ఒక పుస్తకం వ్రాసి దానిని వ్యతిరేకించారు. దేశ ప్రతినిధుల సభ ఆ ప్రతిపాదనను తిరస్కరించింది. ఆ మరుసటి ఏడు, 1911లో, ఈజిప్షియన్ల కోసం ఈజిప్షియన్ల బ్యాంకు ఒకటి ఉండాలని ఇంకొక పుస్తకం వ్రాశారు. 1914లో ప్రపంచయుద్ధం రావడంతో ఆ ఆలోచన కాగితం మీదే ఉండిపోయింది.

నాలుగు పౌండ్ల వాటా

యుద్ధకాలంలో ప్రత్తి ధరలు పెరిగి భూస్వాముల చేతుల్లో డబ్బు చేరింది. 1919లో సాద్ జగ్లూల్ నాయకత్వాన దేశమంతటా స్వాతంత్ర్య ఉద్యమం లేచింది. డబ్బూ, ఉత్సాహమూ రెండూ ఉన్న ఆ తరుణాన్ని హర్బ్ వదులుకోలేదు. 1920 మే 7వ తేదీన ‘బాంక్ మిస్ర్’ ప్రారంభమైంది. ‘మిస్ర్’ అంటే అరబ్బీలో ఈజిప్టు. ప్రారంభోత్సవం జరిగింది కైరోలోని ఆపెరా నాటకశాలలో. ముందు ముందు ఈ బ్యాంకుకూ కళలకూ పడబోయే ముడి ఆనాడే పడిందేమో అనిపిస్తుంది.

మూలధనం 80,000 పౌండ్లు. వాటా ఒక్కొక్కటి 4 పౌండ్లు. మొదటి వాటాదారులు సుమారు 125 మంది. ఊరూరూ తిరిగి, భూస్వాములను, వర్తకులను, ఉద్యోగులను ఒప్పించి పోగుచేసిన మొత్తం అది. పెద్ద విదేశీ బ్యాంకుల ముందు అది చాలా చిన్న మొత్తం. అయినా 1927 నాటికి ఆ మూలధనం 10 లక్షల పౌండ్లకు పెరిగింది. ఆ బ్యాంకులో ఉత్తరాలు, లెడ్జర్లు, రశీదులు అన్నీ అరబ్బీలోనే. అంతకుముందు బ్యాంకు మెట్లు ఎక్కాలంటే ఫ్రెంచో ఇంగ్లీషో రావాలి. తన డబ్బు లెక్క తన భాషలో చదువుకోగలగడం ఎంత ధైర్యమో, 1966 నాటి అధికార భాషా చట్టం తరువాత తెలుగులో నోట్ ఫైళ్లు వ్రాసిన మన మిత్రులకు తెలుసు.

మన బందరులో డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు 1923లో ఆంధ్రా బ్యాంకు స్థాపించారు. దాదాపు అవే రోజులు, అదే ఆలోచన. అయితే హర్బ్ డిపాజిట్లు తీసుకుని అప్పులివ్వడంతో ఆగలేదు. బ్యాంకే పరిశ్రమలకు తల్లి కావాలన్నారు. 1922లో ముద్రణాలయం, 1924లో ప్రత్తి జిన్నింగు కంపెనీ, 1927లో మహల్లా అల్ కుబ్రా పట్టణంలో నూలు, బట్టల మిల్లు, 1932లో విమానాల కంపెనీ, 1934లో బీమా కంపెనీ, హజ్ యాత్రికుల కోసం ఓడల కంపెనీ – ఒకదాని తరువాత ఒకటి వచ్చాయి. అన్నింటి పేరులోనూ ‘మిస్ర్’ అనే మాట ఉండేది. ఆనాటి విమానాల కంపెనీయే తరువాతి కాలపు ఈజిప్ట్ ఎయిర్.

బ్యాంకుకు సినిమాతో పనేమిటి?

ఈ వరుసలోనే 1925లో ‘మిస్ర్ నాటక, సినిమా కంపెనీ’ కూడా పుట్టింది. బట్టల మిల్లు అంటే అర్థమవుతుంది. సినిమా ఎందుకని అప్పుడు చాలామంది ముక్కున వేలేసుకున్నారు.

ఈజిప్టుకు సినిమా కొత్తదేమీ కాదు. లూమియేర్ సోదరుల బొమ్మలు 1896లోనే అలెగ్జాండ్రియాలో, కైరోలో ఆడాయి. కాని థియేటర్లు విదేశీయులవి, బొమ్మలు విదేశాలవి. చూసి డబ్బిచ్చేవాడు మాత్రమే ఈజిప్షియను. అంటే హర్బ్ దృష్టిలో ఇదీ ప్రత్తి వ్యవహారం వంటిదే. పైగా చదువురానివారు ఎక్కువగా ఉన్న దేశం. పుస్తకం చేరలేని చోటికి బొమ్మ చేరుతుందని ఆయన గ్రహించారు.

మహమ్మద్ బయ్యూమీ అనే ఉత్సాహవంతుడు జర్మనీలో ఫోటోగ్రఫీ నేర్చుకుని, యంత్రాలు తెచ్చుకుని, 1923లోనే వార్తాచిత్రాలు తీశాడు. హర్బ్ ఆ యంత్రాలను బ్యాంకు పక్షాన కొని, ఆయన్ను కొత్త కంపెనీలో పెట్టారు. మొదట తీసినవి బ్యాంకు పనులను, కంపెనీలను చూపే చిన్న చిత్రాలు. బయ్యూమీ మాత్రం ఎక్కువకాలం అక్కడ ఇమడలేదు. దారి వేసినవాడు పక్కకు తప్పుకోవలసి రావడం విచారకరం. పెద్ద సంస్థల చరిత్రలో ఇటువంటివి ఉంటాయి, వాటిని దాచి వ్రాయడం న్యాయం కాదు.

1927లో అజీజా అమీర్ అనే నటి తన సొంత పూనికతో ‘లైలా’ అనే పూర్తి నిడివి చిత్రం తీశారు. ఇక్కడ ఒక విశేషం చెప్పాలి. హర్బ్ యువకుడిగా ఉన్నప్పుడు, 1899లో, స్త్రీలకు స్వేచ్ఛ కావాలన్న ఖాసిం అమీన్ వాదాన్ని ఖండిస్తూ, పరదాను సమర్థిస్తూ పుస్తకం వ్రాసినవారు. అటువంటి మనిషి కట్టిన స్టూడియోలో మొదటి చిత్రానికి ప్రాణం పోసింది ఒక స్త్రీ కంఠమే. కాలం మనుషుల చేత ఎటువంటి పనులు చేయిస్తుందో చూడండి.

పిరమిడ్ల దారిలో స్టూడియో

1932లో మాటల చిత్రాలు వచ్చేసరికి కొత్త చిక్కు వచ్చింది. ఈజిప్టులో శబ్దం రికార్డు చేసే సదుపాయం లేదు. తొలి అరబ్బీ టాకీ ‘అవ్లాద్ అల్ జవాత్’ మాటల భాగాన్ని పారిస్ వెళ్లి తీసుకురావలసి వచ్చింది. మన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ బొంబాయిలో తయారైన సంగతి గుర్తు చేసుకుంటే ఈ ఇబ్బంది మనకు తేలికగా బోధపడుతుంది. పరాయి ఊళ్లో అద్దెకు దిగి ఎన్నాళ్లు సినిమా తీస్తారు?

హర్బ్ ఇల్లు కట్టాలని నిశ్చయించారు. అయితే గోడల కంటే ముందు మనుషులను సిద్ధం చేశారు. ఆయన దూరదృష్టి ఇక్కడే కనబడుతుంది. 1933లో బ్యాంకు ఖర్చుతో యువకులను విదేశాలకు పంపారు. అహ్మద్ బద్రఖాన్, మోరిస్ కస్సాబ్ దర్శకత్వం నేర్చుకోవడానికి ఫ్రాన్సు వెళ్లారు. హసన్ మురాద్, మహమ్మద్ అబ్దుల్ అజీమ్ కెమెరా పని నేర్చుకోవడానికి జర్మనీ వెళ్లారు. జర్మనీలో చదువుకున్న నియాజీ ముస్తఫాకు ఎడిటింగు విభాగం అప్పగించారు. ఈజిప్టు రేడియోలో అనౌన్సరుగా పేరు తెచ్చుకున్న అహ్మద్ సాలిం స్టూడియోకు మొదటి మేనేజరు.

గిజా వైపు, పిరమిడ్లకు వెళ్లే దారిలో స్థలం తీసుకున్నారు. 1934లో శంకుస్థాపన జరిగింది. 1935 అక్టోబరు 12వ తేదీన ‘స్టూడియో మిస్ర్’ ప్రారంభమైంది. చిత్రీకరణ మంటపాలు, ఫిల్ము కడిగే లేబరేటరీ, శబ్దగ్రహణ విభాగం, ఎడిటింగు గదులు, సెట్లు చేసే వడ్రంగి పనివారు – అన్నీ ఒకే ఆవరణలో. పనిచేసేవారికి నెల జీతాలు. ఈ చివరి మాట మనబోటివారు గమనించదగినది. అంతవరకు సినిమావాడంటే ఒక చిత్రానికి కూలి, మరొక చిత్రం వచ్చేదాకా పస్తు. హర్బ్ ఆ పనిని ఉద్యోగం చేశారు, హాజరుపట్టీలోకి తెచ్చారు. మొదట్లో కొందరు జర్మను నిపుణులను పిలిపించి, వారి పక్కన ఈజిప్షియన్లను పెట్టి పని నేర్పించారు. కొన్నేళ్లలో ఆ సహాయకులే విభాగాలకు పెద్దలయ్యారు.

స్టూడియో చిత్రాలు

స్టూడియో మొదటి చిత్రం ‘విదాద్’ 1936లో విడుదలైంది. దర్శకుడు ఫ్రిట్జ్ క్రాంప్ అనే జర్మను. నాయిక ఉమ్ కుల్సుమ్. ఆమెకు అదే మొదటి సినిమా. నష్టపోయిన వర్తకుడిని గట్టెక్కించడానికి తనను అమ్మివేయమని కోరే ఒక దాసీ గాయని కథ. ఆ ఏడాదే ఆ చిత్రం ఇటలీలోని వెనిస్ చలనచిత్రోత్సవంలో ప్రదర్శింపబడింది.

1937లో నియాజీ ముస్తఫా దర్శకత్వంలో ‘సలామా ఫీ ఖైర్’ వచ్చింది. గొప్ప హాస్యనటుడు నగీబ్ రిహానీ అందులో బట్టల దుకాణం అటెండరు. యజమాని ఇచ్చిన పెద్ద మొత్తం బ్యాంకులో కట్టడానికి వెళితే బ్యాంకు మూసి ఉంటుంది. ఆ డబ్బు భద్రంగా ఉంచడానికి పెద్ద హోటల్లో దిగితే, అక్కడ అతడు ఒక రాజకుమారుడి వేషం వేయవలసి వస్తుంది. ఎన్ని తమాషాలు జరిగినా అతని మనసంతా ఆ డబ్బు సంచీ మీదే. ప్రభుత్వ సొమ్ము చలానాతో ట్రెజరీకి మోసుకుపోయిన అనుభవం ఉన్నవారు ఆ చిత్రం చూస్తే కడుపుబ్బ నవ్వుకుంటారు.

అన్నీ నవ్వులే కావు. 1938లో క్రాంప్ తీసిన ‘లాషీన్’ ఒక బలహీనుడైన రాజు మీద ప్రజలు తిరగబడే కథ. రాజరికం నడుస్తున్న రోజులు. ప్రభుత్వం అభ్యంతరపెట్టి నిలిపివేసింది. ముగింపు మార్చిన తరువాతనే విడుదలకు అనుమతి దొరికింది. భారీ ఖర్చుతో తీసిన చిత్రం అది.

మహల్లా మిల్లు మీద ఒక డాక్యుమెంటరీ తీయడానికి నియాజీ ముస్తఫా అక్కడికి వెళ్లినప్పుడు, కామర్సు చదివి ఆ మిల్లులో ఉద్యోగం చేస్తున్న ఒక యువకుడు ఆయన కంటబడ్డాడు. సినిమా మీద అతనికున్న ఆసక్తి, పరిజ్ఞానం చూసి స్టూడియో ఎడిటింగు విభాగానికి బదిలీ చేయించారు. ఆ యువకుడే సలాహ్ అబూ సైఫ్. తరువాతి కాలంలో అరబ్బు సినిమాలో వాస్తవిక చిత్రాలకు పెద్దదిక్కు అనిపించుకున్న దర్శకుడు. మిల్లూ స్టూడియో రెండూ ఒకే బ్యాంకు బిడ్డలు కాబట్టి ఆ బదిలీ అంత సులువుగా జరిగింది.

1939 సెప్టెంబరు

హర్బ్ విధానంలో ఒక బలహీనత ఉంది. జనం దాచుకున్న డబ్బు ఎప్పుడు అడిగితే అప్పుడు ఇవ్వవలసినది. ఆయన దానిని మిల్లులలో, ఓడలలో, స్టూడియోలో పెట్టారు. యంత్రాన్ని ఊడదీసి డిపాజిటుదారుకు ఇవ్వలేం కదా. మామూలు రోజుల్లో ఈ పద్ధతి నడిచిపోతుంది. అందరూ ఒకేసారి వచ్చి అడిగిన రోజున ఎంత పెద్ద బ్యాంకైనా తడబడుతుంది.

1939 సెప్టెంబరులో రెండవ ప్రపంచయుద్ధం ప్రారంభం కాగానే ఆ రోజు వచ్చింది. జనం భయపడి డబ్బు వెనక్కి తీసుకోవడానికి బారులు తీరారు. హర్బ్ తమ వద్ద ఉన్న పత్రాలు కుదువపెట్టుకుని అప్పు ఇమ్మని నేషనల్ బ్యాంకును కోరారు. వారు ఇవ్వలేదు. ప్రభుత్వం వైపు చూశారు. పోస్టాఫీసు పొదుపు నిధులను కూడా బాంక్ మిస్ర్ నుంచి తీసివేస్తారనే మాట వచ్చిందని చరిత్రకారులు వ్రాస్తారు. ఆర్థికమంత్రి హుసేన్ సిర్రీ పాషా ద్వారా తెలిసిన షరతు ఒక్కటే. బ్యాంకును ఆదుకుంటారు, కాని తలాత్ హర్బ్ తప్పుకోవాలి.

ఆయనకు అప్పటికి 71 ఏళ్లు. పందొమ్మిదేళ్లు కన్నబిడ్డలా పెంచిన సంస్థ. కోర్టుకు వెళ్లవచ్చు, పత్రికలకు ఎక్కవచ్చు, తన మనుషులను పోగుచేసి రచ్చ చేయవచ్చు. అలా చేస్తే బ్యాంకు మీద మిగిలిన కాస్త నమ్మకం కూడా పోయేది. నాలుగేసి పౌండ్లు పెట్టి వాటా కొన్నవారు, కూతురి పెళ్లికి దాచుకున్నవారు రోడ్డున పడేవారు. ఆయన రాజీనామా ఇచ్చి ఇంటికి వెళ్లారు. బ్యాంకు బ్రతికితే చాలుననుకున్నారు. ఆయన స్థానంలో హాఫిజ్ అఫీఫీ పాషా వచ్చారు. ప్రభుత్వం బ్యాంకుకు అండగా నిలిచింది. డిపాజిటుదారుల సొమ్ము నిలిచింది.

ఆ తరువాత రెండు నెలలకు, 1939 నవంబరులో, స్టూడియో మిస్ర్ చిత్రం ‘అల్ అజీమా’ విడుదలైంది. ఆ పేరుకు దృఢసంకల్పం అని అర్థం. దర్శకుడు కమాల్ సలీం. అబూ సైఫ్ సహాయ దర్శకుడు. కైరో పాతపేటలోని ఒక సందును స్టూడియోలోనే అచ్చంగా కట్టి తీశారు. క్షురకుని కొడుకు చదువుకుని పట్టా పుచ్చుకుని ఉద్యోగం కోసం తిరగడం, దొరికిన ఉద్యోగం పోవడం, ఇంట్లో చెప్పుకోలేక దుకాణంలో బట్టలు పొట్లం కట్టే పని చేయడం – ఇదీ కథ. మేడలు, జమీందారులు తప్ప తెర మీద మరొకటి కనబడని ఆ రోజుల్లో మామూలు పేట మనుషుల బ్రతుకును చూపిన ఆ చిత్రాన్ని అరబ్బు సినిమా చరిత్రలో ఒక మైలురాయిగా విమర్శకులు లెక్కిస్తారు. స్టూడియోకు అంతటి కీర్తి తెచ్చిన చిత్రం వచ్చేనాటికి, దానిని కట్టినవాడు పదవిలో లేడు.

హర్బ్ 1941 ఆగస్టులో కన్నుమూశారు.

తరువాత

ఆయన పోయినా ఆయన తయారుచేసిన మనుషులు ఉన్నారు. బద్రఖాన్, నియాజీ ముస్తఫా, అబూ సైఫ్ దశాబ్దాల పాటు చిత్రాలు తీశారు. హసన్ మురాద్ వార్తాచిత్రాలు నడిపారు. స్టూడియో మిస్ర్ చూపిన దారిలో నహాస్, అల్ అహ్రామ్ వంటి స్టూడియోలు వెలిశాయి. యుద్ధం ముగిసిన తరువాత ఈజిప్టులో ఏటా దాదాపు 50 చిత్రాలు తయారయ్యేవి. అవి బాగ్దాదులో, బీరూటులో, మొరాకోలో ఆడాయి. కైరో యాస అరబ్బు దేశాలన్నింటా సామాన్యులకు అర్థమయ్యే భాష అయిందంటే ఆ సినిమాల చలవే. హర్బ్ పుట్టిన గమాలియాలోనే 1911లో పుట్టిన నగీబ్ మహఫూజ్ 1940లలో అబూ సైఫ్ చిత్రాలకు కథనాలు వ్రాయడం ప్రారంభించారు. ఆయన పదవీ విరమణ దాకా ప్రభుత్వోద్యోగం చేస్తూనే వ్రాసి, 1988లో నోబెల్ బహుమతి అందుకున్నారు.

బాంక్ మిస్ర్‌ను 1960లో ప్రభుత్వం జాతీయం చేసింది. అది ఈనాటికీ ఈజిప్టులోని పెద్ద బ్యాంకులలో ఒకటి. ఒకప్పుడు సులేమాన్ పాషా పేరున్న కైరో నడిబొడ్డు కూడలికి, వీధికి తలాత్ హర్బ్ పేరు పెట్టారు. కూడలి మధ్యలో ఆయన విగ్రహం ఉంది. చుట్టూ కార్లు, దుకాణాలు, సినిమా హాళ్లు.

ఒక సంస్థలో మన సర్వీసు ఎన్నేళ్లు, ఏ హోదాలో దిగాము అని మనం లెక్క చూసుకుంటాము. హర్బ్ సర్వీసు రిజిస్టరులో చివరి పేజీ రాజీనామా. ఆ పేజీ ఒక్కటే చూసేవారికి అది ఓటమి. కాని ఆయన పని నేర్పించిన కుర్రవాళ్లు, ఆయన వదిలి వచ్చిన డిపాజిటుదారుల పాస్‌బుక్కులు, పిరమిడ్ల దారిలో ఆయన కట్టిన ఆ ఇల్లు – ఇవన్నీ కలిపి చూస్తే లెక్క వేరుగా తేలుతుంది. మన తరువాతివారు పని చేసుకోవడానికి వీలుగా బల్ల సర్ది, తాళాలు అప్పగించి రావడం కూడా ఉద్యోగధర్మమేనని ఆ మహనీయుని జీవితం మనకు తెలియజేస్తున్నది.